తొండేభావిలో అల్లుడి మర్యాద

తొండేభావి అనగానే మన తెలుగువాళ్ళకు గోడమీద తల ఆడించే తొండ గుర్తుకొస్తుంది. మా పిల్లలు చిన్నప్పుడు "తొండలున్న బావి నీళ్ళు ఎలా తాగుతారమ్మా?" అని అడిగేవారు. కన్నడంలో తొండెకాయ అంటే మన దొండకాయ. బావి మాత్రం అక్కడా ఇక్కడా బావే. దొండపాదు అల్లుకున్న బావి అని ఊహించుకుంటే ఊరి పేరు ఎంతో ముచ్చటగా ఉంటుంది కదూ!

బెంగుళూరు నుంచి హిందూపురం వెళ్ళే రైలు దారిలో ఉంది ఈ ఊరు. ఎలహంక, దొడ్డబళ్ళాపురం దాటాక రైలు మాకళిదుర్గం కొండ పక్కగా మలుపులు తిరుగుతుంది. కొండ వెనక్కి పోగానే తొండేభావి స్టేషను. తర్వాత గౌరిబిదనూరు, విదురాశ్వత్థం, ఆపైన మన హిందూపురం. ఊరు గౌరిబిదనూరు తాలూకాలోది. 2007లో కోలారు జిల్లాను విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేసినప్పుడు గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి తాలూకాలు ఈ కొత్త జిల్లాలోకి వచ్చాయి.

సరిహద్దుకు ఇవతల ఉన్నా, ఈ తాలూకాల్లో ఎన్నో ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. బడిలో కన్నడం, బజారులో రెండూ, ఇంట్లో తెలుగు. చింతామణి దగ్గర కైవారంలో యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. నంది కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని ఈ నేల మీదుగానే హిందూపురం వైపు వెళ్ళి, పెన్నగా పేరు మార్చుకుని నెల్లూరు దాకా పోతుంది. అంటే నెల్లూరువాళ్ళకూ తొండేభావివాళ్ళకూ చుట్టరికం ఉన్నట్టే!

మాకు మాత్రం నిజంగానే చుట్టరికం ఉంది. మా అమ్మా పిన్నీ పుట్టింది హిందూపురంలో. పిన్నిని తొండేభావి దగ్గర పల్లెలో ఇచ్చారు. రాగి, వేరుశనగ, ఇప్పుడు కొంత మొక్కజొన్న పండించే కుటుంబం. పిన్నికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇప్పటికీ పొయ్యి దగ్గర పెత్తనం ఆవిడదే. మా తమ్ముడి భార్య నవ్వుతూ "ఇంటి తాళాలు నాకిచ్చారు వదినా, పోపు గరిటె మాత్రం ఇవ్వలేదు" అంటుంది.

మేము ముంబయిలో స్థిరపడి ఇరవై ఏడేళ్ళయింది. మావారిది గుంటూరు. వేపుడు లేని భోజనం ఆయన దృష్టిలో భోజనం కాదు. రెండేళ్ళ కిందట ఆయన గుండె రక్తనాళాల్లో రెండు చోట్ల స్టెంట్లు వేశారు. నూనె, నెయ్యి, వేపుళ్ళు బాగా తగ్గించమని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర రోజూ పంచాయితీయే. నూనె తగ్గించి వండితే "ఇది కూరా, ఆసుపత్రి పథ్యమా?" అంటారు. సగం తిని లేస్తారు. రాత్రి పదింటికి డబ్బాలో చెయ్యి పెట్టి జంతికలు తింటారు. మావాడికి ముప్ఫై ఏళ్ళు. వాడి రక్తపరీక్షలోనూ కొవ్వు అంకెలు ఎర్ర గీత దాటాయి. ఇక ఇది ఒక మనిషి పథ్యం కాదు, ఇంటి సంగతే అని నాకర్థమైంది.

సంక్రాంతికి రమ్మని పిన్ని ఫోను చేసినప్పుడు నా భయం ఒక్కటే. అల్లుడు ఇంటికి వస్తున్నాడంటే మన ఇళ్ళలో ఏం చేస్తారో మీకు తెలియనిది కాదు. గారెలు, బూరెలు, పూరీలు, అప్పడాలు, వడియాలు. ఆపైన "ఇంకొక్కటి, నా మీద ఒట్టు" అనే బలవంతం. అందుకే ముందే ఫోనులో విషయం చెప్పాను. "వేయించినవి ఏవీ వద్దు పిన్నీ. మీరు రోజూ తినేదే పెట్టు" అన్నాను.

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "ఏందమ్మా ఇది? అల్లుడు ఇంటికొస్తే సంగటి పెట్టేదా? ఒక వడ లేదు, ఒక ఓళిగ లేదు! ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. కోపం కాదు, ఆ గొంతులో నిజంగా బాధ ఉంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మనం నూనె గురించి ఆరోగ్య పాఠాలు ఎన్ని విన్నా, అసలు చిక్కు ఇక్కడ ఉంది. మనకు నూనె తిండి మాత్రమే కాదు, మర్యాద. మూకుడు పొయ్యి మీద పెడితేనే వచ్చినవాళ్ళను గౌరవించినట్టు. వడ లేని విస్తరి వేస్తే వాళ్ళను చిన్నచూపు చూసినట్టు. ఈ లెక్క ఎక్కడ మొదలైందో పిన్ని ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో నాకు తెలిసింది.

మొదటి సాయంత్రం వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ పిన్ని తన కొత్త కాపురం రోజులు చెప్పింది. వేరుశనగ పండించేది వాళ్ళే. కానీ కాయలు మూటలు కట్టి మండీకి పోయేవి. డబ్బు వచ్చే పంట అదే మరి. ఇంటికి మిగిలింది గానుగాడించి తెస్తే ఆ నూనె పండుగ దాకా రావాలి. "మా అత్త కుండ మూతి గుడ్డతో కట్టి పెడతావుండె. పోపుకు ఒక గరిటె, అంతే. దీపానికీ అందులోదే. మూకుడు పెట్టేది ఉగాదికీ, సంక్రాంతికీ, అల్లుడొస్తే" అంది.

అదీ సంగతి! నూనె అరుదుగా ఉన్న రోజుల్లో, ఉన్న కొద్దిపాటి నూనెనూ అల్లుడి కోసం మూకుట్లో పోయడం నిజంగా త్యాగమే. అందుకే అది మర్యాద అయింది. ఇప్పుడు నూనె అరుదు కాదు. పల్లె కొట్లోనూ పాకెట్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. అయినా మర్యాద లెక్క మాత్రం మారలేదు. ఏడాదికి నాలుగుసార్లు తినాల్సిన తిండి వారానికి నాలుగుసార్లు తింటున్నాం.

ఇది ఒక్క తొండేభావి కథ కాదు. 1950-51 ప్రాంతంలో మన దేశంలో మనిషికి ఏడాదికి సగటున మూడు కిలోల వంటనూనె కూడా అందేది కాదు. ఇప్పుడది 19 కిలోలు దాటింది. ఆ మూడు కిలోల రోజులు గొప్పవని నేననను. అప్పుడు పేదరికం, అర్ధాకలి ఉండేవి. కానీ కావలసినదానికీ తింటున్నదానికీ మధ్య ఎంత తేడా వచ్చిందో చూడండి. 2024లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి లాంటివి అన్నీ కలిపి సుమారు 27 గ్రాములు చాలని ఉంది. అంటే ఏడాదికి పది కిలోలు. మనం దానికి దాదాపు రెట్టింపు వాడుతున్నాం.

ఈ సంస్థ సామాన్యమైనది కాదు. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో ఏ గింజలో ఎంత మాంసకృత్తి, ఎంత కొవ్వు ఉందో కొలిచి పట్టికలు వేసింది వాళ్ళే.

మన ఇంటి లెక్కకు వద్దాం. నలుగురున్న ఇంట్లో మనిషికి 27 గ్రాముల చొప్పున నెలకు అయ్యేది మూడున్నర లీటర్లు. ఇప్పుడు మీ వంటింట్లో నెలకు ఎన్ని డబ్బాలు ఖాళీ అవుతున్నాయో చూడండి. అయిదు లీటర్లవి రెండయితే, మనిషికి రోజుకు 75 గ్రాములు దాటినట్టు. నూనె గ్రాముకు తొమ్మిది కేలరీలు ఇస్తుంది. పిండిపదార్థమూ మాంసకృత్తీ గ్రాముకు నాలుగే ఇస్తాయి. అంటే నూనె రూపంలోనే రోజుకు దాదాపు 680 కేలరీలు. పొలం పనిచేసే మనిషి దాన్ని కరిగించుకోవచ్చు. లోకల్ రైలు దిగి ఆఫీసు కుర్చీలో కూర్చునే మనిషి ఎక్కడ కరిగిస్తాడు? అది నడుము చుట్టూ చేరుతుంది, కాలేయంలో చేరుతుంది.

అన్ని కొవ్వులూ ఒకటి కావు. గది వేడిలో గడ్డకట్టే వెన్న, నెయ్యి, వనస్పతి, ఇంకా పామాయిలు, కొబ్బరినూనె లాంటి వాటిలో సంతృప్త కొవ్వు ఎక్కువ. అది రక్తంలో చెడ్డ కొలెస్ట్రాలును పెంచుతుంది. ఆ కొలెస్ట్రాలు ఏళ్ళ తరబడి రక్తనాళాల గోడల్లో పేరుకుంటూ దారిని ఇరుకు చేస్తుంది. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఇంకా హానికరం. చెడ్డదాన్ని పెంచడమే కాక మంచి కొలెస్ట్రాలును తగ్గిస్తుంది. అందుకే మన దేశంలో 2022 జనవరి 1 నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించకూడదని నిబంధన పెట్టారు. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఆవ నూనెల్లో మేలుచేసే కొవ్వుల పాలు ఎక్కువ. అయినా కేలరీల లెక్కలో అవీ నూనెలే.

ఈ మధ్య గానుగ నూనెకు పెద్ద గిరాకీ వచ్చింది. తొండేభావి వెళ్ళామని తెలిసి ముంబయిలో మా పక్కింటావిడ నాలుగు లీటర్లు తెమ్మంది. వాసన బాగుంటుంది, రుచి బాగుంటుంది, సందేహం లేదు. కానీ గానుగదైనా ఫ్యాక్టరీదైనా గ్రాముకు తొమ్మిది కేలరీలే. "మంచి నూనె కదా" అని రెండు గరిటెలు ఎక్కువ పోస్తే లాభం లేదు.

అలాగని కొవ్వును విషంలా చూడనక్కర్లేదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టాలంటే కొవ్వు కావాలి. రెండేళ్ళలోపు పిల్లలకు అసలు తగ్గించకూడదు. పెద్దవాళ్ళకు మొత్తం శక్తిలో కొవ్వు వాటా 30 శాతం దాటకుండా, అందులో సంతృప్త కొవ్వు పది శాతం దాటకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఈ 30 శాతంలో పాలు, పప్పులు, గింజల్లో కంటికి కనిపించకుండా ఉండే కొవ్వు కూడా లెక్కే.

ఇక పిన్ని వంటింటికి వద్దాం. చివరికి ఆవిడ నా మాట మన్నించింది. అయితే అల్లుడికి మర్యాద తగ్గనివ్వలేదు. ఎలాగంటారా?

సంక్రాంతి రోజుల్లో ఆ ప్రాంతమంతా అనపకాయల కాలం. కన్నడంలో అవరెకాయ అంటారు. మంచు పడే కొద్దీ కాయకు ఒక రకమైన జిడ్డు వాసన వస్తుంది. దాన్ని అక్కడ సొగడు అంటారు. ఆ వాసన ఉన్న కాయకే ధర. గింజలు ఒలిచి కొన్ని గంటలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ బొటనవేలితో నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి జారుతుంది. అదే పితికిపప్పు. ఆరుగురికి సరిపడా పప్పు పితకడానికి ఇద్దరు ఆడవాళ్ళకు గంటకు పైనే పడుతుంది. మా తమ్ముడి కూతురూ, నేనూ, చివరికి మావారూ కూర్చున్నాం. ఆయన నొక్కిన పప్పులు సగం గోడకు తగిలాయనుకోండి!

ఆ పప్పును ఉడికించి, ధనియాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి, చిన్న ముక్క కొబ్బరి నూరి కలిపి పులుసు కాచింది. ఆరుగురి కుండకు పోపులో పడిన నూనె రెండు చెంచాలు. నేను పక్కన నిలబడి చూశాను. ఆవిడ డబ్బా వంచి పోయదు. పోపు గరిటెతో కొలుస్తుంది. ఆ గరిటెలోనే నూనె కాచి, ఆవాలు, కరివేపాకు, ఇంగువ వేసి, చిటపటలాడుతుండగా కుండలో ముంచి వెంటనే మూత పెడుతుంది. పోపు చివర్లో పడటంతో దాని వాసనంతా పైనే ఉంటుంది. ముందే బోలెడు నూనె పోసి అందులో అన్నీ వేయించే మన పద్ధతిలో నూనె ఎక్కువ, వాసన తక్కువ.

మర్నాడు బస్సారు. ఆకుకూరా పప్పుగింజలూ కలిపి ఉడికించి నీళ్ళు వారుస్తారు. ఆ వార్చిన నీళ్ళతో కారం, వెల్లుల్లి, చింతపండు కలిపి చారు. మిగిలిన ఆకూగింజలకు చిన్న పోపు వేస్తే పొడికూర. ఒకే కుండలోంచి రెండు వంటలు, పారబోసేది ఏమీ లేదు, నూనె చెంచాన్నర. మూడోనాడు ఉలవల కట్టు. ఉలవల్లో కొవ్వు చాలా తక్కువ, మాంసకృత్తి దండిగా ఉంటుంది. సాయంత్రాలు చిరుతిండికి ఉప్పేసి ఉడికించిన అనపకాయలు, ఉడికించిన వేరుశనగకాయలు. పండుగనాడు మాత్రం నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలు కలిపిన ఎళ్ళుబెల్లం గుప్పెడు పంచారు. నువ్వుల్లోనూ వేరుశనగలోనూ దాదాపు సగం నూనే కాబట్టి అది గుప్పెడుతోనే ఆగాలి. పెద్దవాళ్ళు గుప్పెడు అని నియమం పెట్టింది ఊరికే కాదు.

వీటన్నిటికీ తోడు రాగి సంగటి. నూరు గ్రాముల రాగుల్లో కొవ్వు రెండు గ్రాములు కూడా ఉండదు. కాల్షియం మాత్రం మూడు వందల మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. ఏ ఇతర ధాన్యమూ ఈ విషయంలో దాని దరిదాపుల్లోకి రాదు. సంగటిని నమలరు. చిన్న ఉండ చేసి పులుసులో ముంచి మింగుతారు. గుంటూరు అల్లుడు మొదటిరోజు నమిలి, నోరంతా అంటుకుని, నీళ్ళ చెంబు కోసం చుట్టూ చూశారు. పిన్ని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండోరోజుకు ఉండ మింగడం వచ్చింది. మూడోరోజు "ఇంకొంచెం పులుసు" అని అడిగారు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా "ఇది పథ్యమా?" అనలేదు. అత్తగారింట పెట్టినదాన్ని వంక పెట్టకూడదనే మర్యాద కొంత ఉండవచ్చు. అసలు కారణం మాత్రం పులుసు రుచే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సంగటి మంచిదే కదా అని మూడు ముద్దలు లాగిస్తే ప్రమాదమే. రాగి ప్రధానంగా పిండిపదార్థం. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు ముద్ద పరిమాణం చూసుకోవాలి. పొద్దున్నుంచి నాగలి వెనక నడిచినవాడి ముద్దా, కంప్యూటరు ముందు కూర్చునేవాడి ముద్దా ఒకటి కావు. ముద్ద చిన్నది చేసి, పులుసూ ఆకుకూరా ఎక్కువ వేసుకోవడం మనకు మేలు.

మధ్యలో ఒకరోజు విదురాశ్వత్థం వెళ్ళాం. విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు ఉండిన చోటు, చుట్టూ వేలకొద్దీ నాగప్రతిష్ఠలు. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ జెండా సత్యాగ్రహం కోసం గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలిచ్చినవారి స్మారకం ఉంది. మన పిల్లలను తప్పక తీసుకెళ్ళాల్సిన చోటు.

దర్శనం అయ్యాక టీ కోసం ఆగితే పక్కనే మిరపకాయ బజ్జీల మూకుడు. నూనె రంగు చూస్తే పొద్దుటినుంచీ కాగుతున్నట్టుంది. పదే పదే కాగిన నూనె విరిగి హానికర పదార్థాలు తయారవుతాయి. ఇలాంటి వాటి మొత్తం 25 శాతం దాటిన నూనెను వాడకూడదని 2018 జూలై 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. కొట్టువాడు కొలిచినా కొలవకపోయినా మన కళ్ళు కొలవగలవు. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కడుతూ, పొగ వస్తుంటే ఆ బజ్జీ జోలికి పోకూడదు. ఇంట్లోనూ పండుగకు వేయించగా మిగిలిన నూనెను మళ్ళీ వేపుడుకు వాడకుండా, వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల పోపుకు వాడేసుకోవడం మంచిది. మావారు ఆ మూకుడు వైపు చూశారు, నా వైపు చూశారు, టీ తాగి వచ్చేశారు.

విదేశాల్లో ఉన్న మన పాఠకులు "ఇక్కడ మాకు అన్నీ శుభ్రమైన నూనెలే" అనుకోవచ్చు. అమెరికాలో స్థిరపడిన దక్షిణాసియావాళ్ళ గుండె ఆరోగ్యం మీద 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. దాని పేరే మసాలా! వేయించిన చిరుతిళ్ళు, మిఠాయిలు, వెన్న తియ్యని పాలపదార్థాలు ఎక్కువగా తినేవారిలో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం, మంచి కొలెస్ట్రాలు తక్కువగా ఉండటం అందులో కనిపించాయి. అంటే దేశం మారినా వారాంతపు విందు మారలేదన్నమాట. పైగా అక్కడ దుకాణాల్లో "ఫ్యాట్ ఫ్రీ" అని రాసిన బిస్కట్లు, పెరుగులు దొరుకుతాయి. కొవ్వు తీసేసిన చోట చక్కెర పోసినవి వాటిలో ఎన్నో ఉంటాయి. డబ్బా ముందువైపు కాదు, వెనకవైపు చదవాలి.

ముంబయి తిరిగి వచ్చాక మా ఇంట్లో చేసిన మార్పులు కొన్ని చెబుతాను. ఏదీ కష్టమైనది కాదు.

నూనె డబ్బా మీద తెరిచిన తేదీ రాస్తున్నాం. ముగ్గురికి నెలకు రెండున్నర లీటర్లు దాటకూడదని లెక్క. పొయ్యి పక్కన డబ్బా బదులు చిన్న గిన్నె, అందులో చెంచా. ఒక పెద్ద చెంచాడు నూనె అంటే సుమారు 120 కేలరీలు అని గుర్తుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

దొండకాయ వేపుడు మావారి ప్రాణం. ఇప్పుడు దొండకాయలను ముందు ఆవిరిమీద ఉడికించి, చెంచాడు నూనెలో పోపు వేసి, చివర్లో వేయించిన వేరుశనగపొడీ వెల్లుల్లికారమూ చల్లుతున్నాను. నిజం చెప్పాలంటే వేపుడంత కరకరలాడదు. కానీ పళ్ళెంలో మిగలడం లేదు. వంకాయ, బెండకాయ కూడా అంతే. ఉల్లిపాయలు వేగడానికి నూనె బదులు చిటికెడు ఉప్పు వేసి మూతపెట్టి, అడుగంటితే నీళ్ళు చిలకరిస్తే చాలు.

బోండాలు తినాలనిపిస్తే గుంతపొంగణాలు. గుంటకు నాలుగు చుక్కల నూనె, బయట కరకర, లోపల మెత్తన. పూరీ బదులు పుల్కా లేదా రాగిరొట్టె. గారెల పిండినే ఇడ్లీ పాత్రలో ఆవిరిమీద ఉడికిస్తే కుడుములు, అల్లం పచ్చడితో చాలా బాగుంటాయి. పాలు కాచి చల్లార్చి మీగడ తీసి తోడుపెడితే పెరుగు రుచి పెద్దగా మారదు. మాంసాహారులు వేపుడు బదులు పులుసు పెట్టుకోవచ్చు, కోడి తోలు తీసెయ్యాలి. ఆవకాయలో నూనె వంచేసి ముక్క వేసుకోవాలి, ఉప్పు కూడా ఎక్కువే కనుక ఒక్క ముక్కే.

ఇవి చేసిన మూడు నెలలకు మావారి పరీక్షలో అంకెలు కొంచెం దిగాయి. మావాడివీ దిగాయి. మావారి విషయంలో అది మందుల వల్లా, నడక వల్లా, తిండి వల్లా అంటే మూడింటి వల్లా అనే చెప్పాలి. తిండి మార్చాం కదా అని మందులు మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. నాకు ఆ అంకెలకంటే సంతోషం, బల్ల దగ్గర పంచాయితీ ఆగిపోవడం.

తొండేభావిలో మేము బయల్దేరేముందు పక్కింటి పెద్దావిడ వచ్చి "అల్లుడికి ఏం పెట్టావే?" అని పిన్నిని అడిగింది. నేను గుండె చిక్కబట్టుకుని విన్నాను. పిన్ని ఏమాత్రం తడబడకుండా "పితికిపప్పు పెట్టినా. మూడు పూటలు. నేనే పితికినా" అంది. ఆ పెద్దావిడ "అబ్బా, ఎంత పని!" అని ముక్కున వేలేసుకుంది. వడల మాటే రాలేదు. ఎవరైనా మన కోసం గంటసేపు కూర్చుని ఒక్కొక్క గింజా పితికితే అంతకంటే మర్యాద ఏముంటుంది? నూనె ఇప్పుడు ఎవరైనా పోయగలరు. తీరిక, ఓపిక, శ్రమ ఇప్పుడు అరుదైనవి. అతిథికి ఇవ్వాల్సింది అవే.

చివరగా మన సంఘం వంటల కమిటీవారికి ఒక మనవి. మన ఉగాది విందులో సాధారణంగా పూరీ, గారె, మిర్చిబజ్జీ, అప్పడం, వేపుడు, పులిహోర, రెండు మిఠాయిలు ఉంటాయి. అందరూ అన్నీ వేసుకుంటారు. వచ్చే ఏడాది వేయించినది ఒక్కటే ఉంచుదాం. గారెలే ఉంచండి, పండుగ కదా! మిగతా చోట్ల ఒక పులుసు, ఒక ఆకుకూర పప్పు, ఒక ఆవిరి కుడుము పెడదాం. అనపగింజలు దొరికితే పితకడానికి ముందురోజు సాయంత్రం పదిమందిమి కూర్చుందాం. పిల్లలనూ పిలుద్దాం. పప్పులు గోడలకు తగిలినా ఫరవాలేదు, తుడవడానికి మావారు సిద్ధంగా ఉన్నారు. మరి మీరేమంటారు?